మనకెవరు ఎరుక?

పోయిన వేసవిలో మా బడిలో ఒకప్పుడు చదువుకున్న పిల్లవాడొకడు ఇంటికొచ్చాడు. ప్రొద్దుటూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో సర్టిఫికెట్ల జిరాక్సులు. ఒక ఫ్యాక్టరీలో ల్యాబు పనికి మనుషులు కావాలని ఎవరో అంటే విని పోయాడంట.

"గేటు కాడ ఉన్నాయన సర్టిఫికెట్లు చూడను కూడా చూడలేదు సార్. ఎవురి మనిషివి నువ్వు అని అడిగినాడు. నేను ఎవురి మనిషినీ కాదు సార్, పేపర్లు తెచ్చినా అని చెప్పినా. అట్లయితే పోయి ఎవురితోనన్నా చెప్పించుకోని రాపో అన్నాడు."

ఆ పిల్లవాడు బాధపడుతూ చెప్పలేదు, నవ్వుతూనే చెప్పాడు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. "ఎవరి మనిషివి?" మా నాయన్నీ అదే అడిగారు. మా జేజినాయన్నయితే పోలీసులు అడిగారు. మూడు తరాల్లో ముగ్గురికి ముగ్గురూ సరైన జవాబు చెప్పలేకపోయాం. ఎందుకు చెప్పలేకపోయామన్నదే ఈ వ్యాసం. నేను చరిత్రకారుణ్ని కాదు. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే టీచర్ని. దొరికిన పుస్తకాలు చదివి, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది విని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మాది ఖాజీపేట అంటే చాలామంది వరంగల్ పక్కనున్న రైల్వే జంక్షన్ అనుకుంటారు. అది వేరు. మాది కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, చెన్నూరు దాటితే వచ్చే ఖాజీపేట. మాకు రైలు లేదు. కర్నూలు కడప కాలువ ఉంది, పెద్ద రోడ్డు ఉంది. ఈ రైలు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

మేము ఎరుకల వాళ్లం. ఎరుక అంటే తెలివిడి, జరగబోయేది చెప్పడం. మన ఆడవాళ్లు ఊరూరా తిరిగి సోది చెప్పినందుకే ఆ పేరు వచ్చిందంటారు. అదే మాటకు ఇంకో అర్థమూ ఉంది. "వాళ్లు మాకు ఎరుకే" అంటే పరిచయమే అని. పేరులోనే ఎరుక ఉన్న కులానికి ఈరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎరుక ఉన్న మనిషి ఒక్కడూ లేడు. ఎప్పుడూ ఇట్లాగే ఉండేదా అంటే, కాదు.

మనలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అని తెగలున్నాయి. ఈ పేర్లన్నీ పని పేర్లే. ఉప్పు ఎరుకల వాళ్లు సముద్రం ఒడ్డున ఉప్పు తీసుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని కనుమలు దాటి లోపలి ఊర్లకు తెచ్చేవాళ్లు. ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్లు. కరివేపాకు వాళ్లు అడవి నుంచి ఆకు తెచ్చి అమ్మేవాళ్లు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మద్రాసు రాజ్యంలోని ఎరుకల, కొరవల మీద 2001లో ఒక పుస్తకం తెచ్చారు. మన తాతలు దొంగలుగా కాదు, వర్తకులుగా బతికారని కాగితాల ఆధారంతో చూపించిన పుస్తకం అది. మన పిల్లలు చదవాల్సింది, ఇంకా తెలుగులోకి రావాల్సింది.

వర్తకం అంటే ఊరికే సరుకు మోయడం కాదు. ఏ ఊర్లో ఎవరి దొడ్లో గాడిదల్ని కట్టేసుకోవచ్చో, ఏ రైతు ఈసారి లేదు వచ్చేసారి ఇస్తానంటే నమ్మవచ్చో, ఏ బావి దగ్గర నీళ్లు తోడుకోనిస్తారో తెలిసి ఉండాలి. మా జేజికి చివరి రోజుల్లో కండ్లు కనపడేవి కావు. అయినా వాళ్ల అత్త చెప్పిన దారి అంతా నోటికి చెప్పేది. ఊరి పేరు చెప్పదు, ఇంటి గుర్తు చెబుతుంది. చింతమాను కింద కోమటాయన ఇల్లు, ఆడనుంచి గొల్లోల్ల దొడ్డి, ఆడనుంచి మిట్ట మీద తురకోల్ల బావి. ఆమె చెప్పింది దారి అనుకునేవాణ్ని చిన్నప్పుడు. అది పరిచయాల పట్టిక అని నాకు నలభై ఏళ్లొచ్చాక అర్థమైంది.

రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వైపు తండాల్లో ఉన్న సుగాలీల కథ ఇంకా పెద్దది. వాళ్ల ముత్తాతలు వేల ఎద్దుల మీద ధాన్యం వేసుకుని సైన్యాల వెంట నడిచినవాళ్లు. మైసూరు యుద్ధాల్లో, మరాఠా యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి తిండిగింజలు అందించింది బంజారాలే. ఒక్కో తండాకు ఒక నాయక్ ఉండేవాడు, బేరం ఆయన మాట్లాడేవాడు. "ఎవరి మనిషివి?" అని అడిగితే సుగాలి బిడ్డ ఫలానా నాయక్ తండా అని చెబితే సరిపోయేది.

ఇది ఎట్లా తెగిపోయిందో చూడండి. 1805 నుంచే మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తకు తీసుకుంది. ఆ తర్వాత రోడ్లు వచ్చాయి, బండ్లు వచ్చాయి. మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా రైలు పట్టాలు పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే పట్టాలతో కలిశాయి. ఉప్పు బస్తాలు, ధాన్యం బస్తాలు రైలు ఎక్కాయి. గాడిద ఎంత నడిచినా రైలుతో పోటీ పడలేదు కదా. 1876లో మొదలై 1878 దాకా నడిచిన కరువులో మన సీమ ఎండిపోయింది. ఉన్న పశువులు చచ్చిపోయాయి. ఎద్దు లేని వర్తకుడు ఊరి బయట కూర్చున్న కూలీ అయ్యాడు. చింతమాను కింద కోమటాయనకు ఇప్పుడు అతనితో పని లేదు. పని లేకపోతే పరిచయమూ ఉండదు, రెండో తరానికి పేరు కూడా గుర్తుండదు.

రైలు పట్టాలు కలిసిన ఆ 1871లోనే ఉత్తర భారతంలో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజ్యానికీ వర్తింపజేశారు. ఈ మధ్యలో పోలీసు అధికారులు, కులాల లెక్కలు రాసే అధికారులు పుస్తకాలు రాసిపెట్టారు. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి రాసిన పుస్తకానికి పేరే మద్రాసు రాజ్యపు నేరస్త వర్గాల గురించిన నోట్సు. అందులో మనమున్నాం. పుట్టుకతోనే దొంగలు అని ఒక చట్టం చెప్పడమంటే ఏమిటో ఈ పుస్తకం చదివే యువతకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ చట్టం మనుషుల మధ్య పరిచయాన్ని ఏం చేసిందన్నది మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు.

చట్టం కింద పెద్దవాళ్ల పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్‌లో ఎక్కాయి. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. మా జేజినాయన చెల్లెలి పెండ్లికి మునసబు చీటీ రాయలేదని పోలేకపోయాడని జేజి చెప్పేది. చెల్లెలి పెండ్లికే పోలేని మనిషి పది ఊర్లు తిరిగి పని ఎక్కడ వెతుక్కుంటాడు? ఒకవేళ వెతుక్కున్నా, పనిచ్చిన రైతు ఇంటికి పోలీసులు వస్తారు. ఎందుకొచ్చిన తంటా అని ఆ రైతు మరుసటి రోజు పనికి రావద్దంటాడు. ఇద్దరు ముగ్గురు మనవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడితే కుట్ర. కొత్త మనిషితో మాట్లాడితే అతను దొంగసొత్తు కొనేవాడు. పక్క ఊరి బంధువు వచ్చి రాత్రి ఉంటే ముఠా. మిగతా కులాలకు పరిచయం ఆస్తి అయిన కాలంలో మనకు పరిచయం సాక్ష్యం అయ్యింది, అదీ మనమీదే. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా, తల వంచుకుని, పని చూసుకుని వచ్చేయడం మనవాళ్లకు అప్పుడే అలవాటైందని నా అభిప్రాయం. ఈరోజు మన పిల్లలు కాలేజీలో వెనక బెంచీలో కూర్చుంటే "బిడియం" అంటారు. ఆ బిడియానికి ఒక చట్టం, ఒక సంవత్సరం ఉన్నాయి.

అదే కాలంలో సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలోని స్టూవర్టు దొర పేరు దానికి పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నడిపారు, తర్వాత బిట్రగుంట, కప్పరాళ్లతిప్ప. మా సీమ వైపు కర్నూలు జిల్లాలో సిద్ధాపురం. అక్కడ బడి పెట్టారు, వైద్యం చేశారు, అది నిజం. పనికీ పంపారు. స్టూవర్టుపురం వాళ్లను చీరాల పొగాకు కంపెనీలో పనికి తీసుకున్నారు. అయితే ఆ పని ఎవరి ద్వారా దొరికింది? మేనేజర్ ద్వారా. ఆయన పంపితే పోవాలి, ఆయన వద్దంటే లేదు. వంద ఇళ్లకు లోకంతో ఉన్న పరిచయం ఒక్కటే తలుపు, తాళం ఒక్క మనిషి దగ్గర. "ఎవరి మనిషివి?" అంటే "సెటిల్‌మెంటు మనిషిని" అనే జవాబు. ఆ జవాబు చెప్పినవాడికి కంపెనీ లోపల పని ఉంటుంది, కంపెనీ బయట ఎవరూ ఇల్లు కూడా అద్దెకివ్వరు.

మద్రాసు రాజ్యంలో 1947లో ఆ చట్టం పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. దీనికోసం పోరాడినవాళ్లలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య పేరు మనం మరిచిపోకూడదు. ఆయన గిరిజనుడు కాదు. యానాదుల మధ్య, ఎరుకల మధ్య జీవితమంతా పనిచేసి, యానాదుల మీద 1962లో పుస్తకం రాశారు. ఆయనకు మద్రాసులో మంత్రులు తెలుసు, ఢిల్లీలో ఠక్కర్ బాపా తెలుసు. మనకు ఎవరూ తెలియని రోజుల్లో, అందరూ తెలిసిన ఒక మనిషి ఆ ఎరుకను మన కోసం వాడాడు. పరిచయం అంటే చెడ్డమాట అనుకునే పిల్లలకు నేను ఈ ఉదాహరణ చెబుతుంటాను.

చట్టం పోయినా అలవాటు పోలేదు. 1948లోనే అలవాటుపడిన నేరస్తుల చట్టం అని ఇంకోటి మద్రాసులో వచ్చింది. కులం పేరు తీసేసి మనిషి పేరు పెట్టారు, అంతే. ఇంకోపక్క 1956లో ఎరుకల, యానాది, సుగాలి వంటి మన తెగలు ఆంధ్ర ప్రాంతంలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాయి. తెలంగాణ లంబాడీలకు అది 1976 చట్టంతో గానీ దక్కలేదు. ఒకే చేత్తో ఇవ్వడం, ఇంకో చేత్తో పట్టుకోవడం అప్పటి నుంచీ ఉంది.

సర్కారు ఉద్యోగాల మాటకొస్తే, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి మన తండ్రుల తరానికి పెద్ద ఆశ. ఈ ఎక్స్చేంజీలు మనకోసం పెట్టినవి కావు. 1945లో రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపడానికి మొదలయ్యాయి, తర్వాత అందరికీ తెరిచారు. 1959లో ఖాళీలను తప్పనిసరిగా ఎక్స్చేంజీకి తెలియజేయాలనే చట్టం వచ్చింది. 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలకూ అది వర్తించేది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఖాళీ ఉందని చెప్పాలి, అంతేగానీ ఎక్స్చేంజీ పంపిన మనిషినే తీసుకోవాలని చట్టం అనలేదు. ఫ్యాక్టరీ వాళ్లు కాగితం పంపి, మనిషిని తమకు తెలిసినవాళ్లలో చూసుకోవచ్చు.

అయినా ఆ ఆలోచన గొప్పది. ఎవరినీ ఎరగని మనిషికి ప్రభుత్వమే పరిచయస్తుడిగా నిలబడటం అది. మా మేనమామ పదో తరగతి పాసై కడపలో పేరు రాయించుకున్నాడు. ఆ కార్డును బట్టలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవాడు, మూడేండ్లకోసారి కడప పోయి రెన్యువల్ చేయించుకొచ్చేవాడు. చాలా ఏండ్లకు ఒక ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. మా కాలనీకి అప్పట్లో పోస్టు నేరుగా వచ్చేది కాదు, ఊర్లో ఎవరింట్లోనో ఇచ్చిపోయేవాళ్లు. ఆ కాగితం మామ చేతికి అందేసరికి ఇంటర్వ్యూ అయిపోయి వారమైంది. సర్కారు పరిచయస్తుడు మాట నిలబెట్టుకున్నాడు. ఊర్లో, పోస్టు తెచ్చి ఇచ్చేంత ఎరుక ఉన్న ఇల్లు ఒక్కటి లేకపోయింది. ఆ తర్వాత మామ గంపలల్లుకుంటూనే ముసలివాడయ్యాడు.

1996లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే, కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల మీద ఒక తీర్పు చెప్పింది. ఎక్స్చేంజీ పంపినవాళ్లనే కాకుండా పత్రికల్లో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లందరినీ చూడాలని. న్యాయమైన తీర్పే. కానీ దాంతో ఎక్స్చేంజి కార్డు బలం తగ్గింది. పేపరు కొని చదివే ఇంటికి తలుపు తెరుచుకుంది. మా కాలనీలో 1996లో పేపరు ఏ ఇంటికీ రాదు.

నాకు ఈ ఉద్యోగం ఎట్లా వచ్చిందో చెబితే ఈ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. నేను ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నాను. మా నాయన చాటలు, గంపలు అల్లి మండల ఆఫీసు దగ్గర్లోని ఇళ్లకు అమ్మేవాడు. అక్కడ పనిచేసే అటెండరు భార్యకు చాట ఇవ్వడానికి పోయినప్పుడు ఆ అటెండరు మాటల్లో మాటగా అన్నాడంట, "మీ పిల్లోడు ఇంటర్ అయినాడు గదా, టీచర్ ట్రైనింగ్ పరీక్షకు అప్లికేషన్లు ఇస్తాండారు, గడువు ఎల్లుండే" అని. మా నాయన ఆ గంపలు అక్కడే పడేసి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ అటెండరు మాకు బంధువు కాదు, మా కులం కాదు. మా నాయన ఏడాదికి రెండు మూడుసార్లు చూసే మనిషి. ఆయన ఎవరికీ సిఫారసు చేయలేదు, పైసా తీసుకోలేదు. తనకు తెలిసింది ఒక వాక్యం చెప్పాడు. పరీక్ష నేనే రాశాను, ర్యాంకు నేనే తెచ్చుకున్నాను, ఎస్టీ రిజర్వేషన్ రాజ్యాంగం ఇచ్చింది. కానీ ఆ వాక్యం లేకపోతే ఈ మూడూ ఉండి కూడా నేను ఈరోజు మా మామ పక్కన కూర్చుని ఈతబద్ద చీరుతుండేవాణ్ని.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని తర్వాత చదివాను. మార్క్ గ్రానోవెట్టర్ అనే అమెరికా సామాజికవేత్త 1970 ప్రాంతంలో బోస్టన్ దగ్గరి న్యూటన్ అనే ఊర్లో, ఉద్యోగం మారిన 282 మందిని మీకు ఈ పని ఎట్లా దొరికింది అని అడిగాడు. సగానికి పైగా, దాదాపు 56 శాతం, తెలిసినవాళ్ల ద్వారా అన్నారు. ప్రకటన చూసి పోయినవాళ్లు తక్కువ. ఇంకో వింత ఏమిటంటే, ఆ చెప్పినవాళ్లలో తరచూ కలిసే దగ్గరివాళ్లు కొద్దిమందే, సుమారు ఆరుగురిలో ఒకరు. ఎక్కువమంది ఎప్పుడో ఒకసారి కనబడే దూరపు పరిచయస్తులు. కారణం ఆలోచిస్తే సులభమే. మన చిన్నాయనకు తెలిసింది మనకూ తెలుసు. ఇద్దరమూ ఒకే అరుగు మీద కూర్చుంటాం. అటెండరు కూర్చునే అరుగు వేరు, కాబట్టి అతని దగ్గర కొత్త కబురు ఉంటుంది.

ఇక్కడే మన కష్టం ఉంది. మన కాలనీల్లో, తండాల్లో దగ్గరి బంధాలకు లోటు లేదు. పెండ్లయినా చావైనా వంద మంది వస్తారు. ఆ వంద మందీ ఒకే అరుగు మీదివాళ్లు.

ప్రైవేటు కంపెనీల సంగతి మన దేశంలో ఎట్లా ఉందో 2007లో కొన్ని అధ్యయనాలు చూపించాయి. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు పెద్ద కంపెనీల్లో మనుషుల్ని తీసుకునే అధికారులతో మాట్లాడారు. మేము ప్రతిభే చూస్తాం, కులం చూడం అన్నారు వాళ్లు. కానీ ఇంటర్వ్యూలో "మీ కుటుంబం సంగతి చెప్పండి" అని తప్పకుండా అడుగుతామని కూడా అన్నారు. నాయన ఏం చేస్తాడు, ఎక్కడుంటారు అని. అశ్వినీ దేశ్‌పాండే, న్యూమన్ కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయాల్లో చదివిన దళిత, ఇతర కులాల విద్యార్థుల్ని ఉద్యోగాల దాకా గమనించారు. ఒకే డిగ్రీ, ఒకే క్లాసు. ఒకడి వెనక చిన్నాన్నలు, పెద్దనాన్నలు, వాళ్ల స్నేహితులు కంపెనీల్లో ఉన్నారు. రెండోవాడికి వెనక ఎవరూ లేరు. మన ఖాజీపేట గేటు కాపలాదారు "ఎవురి మనిషివి" అని మొహం మీద అడిగితే, ఢిల్లీ ఆఫీసర్ "మీ కుటుంబ నేపథ్యం" అని మర్యాదగా అడుగుతాడు. ప్రశ్న మాత్రం ఒకటే.

పరిచయం ఎట్లా పనిచేస్తుందో చూడాలంటే మా జిల్లా వాళ్లు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. కువైట్ చాలు. రాజంపేట, రాయచోటి, కడప ఊర్ల నుంచి కొన్ని దశాబ్దాలుగా మనుషులు కువైట్ పోతున్నారు. మొదట ఒకడు పోతాడు. రెండేండ్లకు తమ్ముడికి వీసా పంపుతాడు, తమ్ముడు బామ్మర్దికి, ఆయన పక్కింటివాళ్లకు. వీధి వీధే అక్కడికి చేరుతుంది. డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, గొర్రెల కాపర్లు. గొప్ప బతుకని నేననను. పాస్‌పోర్టు లాక్కుని, జీతం ఎగ్గొట్టి, ఏడిపించిన కథలు ప్రతి ఊర్లో ఉన్నాయి. కానీ ఇక్కడ కట్టిన మిద్దెలు ఆ గొలుసు చూపిస్తున్నాయి. మా కాలనీలో కువైట్ మిద్దె ఒక్కటీ లేదు. మావాళ్లకు కష్టపడటం రాక కాదు. మొదటి వీసా పంపేవాడు లేక. గొలుసుకు మొదటి కొక్కీ దొరకనివాడికి, గొలుసు ఎంత పొడవున్నా ఏం లాభం?

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. పరిచయం లేని చోట దళారీ పుడతాడు. మన పిల్లలకు ఎవరూ తెలియదని వాడికి తెలుసు. "నాకు లోపల మనిషున్నాడు, అవుట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తా" అంటాడు. మేకలమ్మి, చెవుల కమ్మలమ్మి డబ్బు కట్టినవాళ్లను నేను చూశాను. ఉద్యోగం రాలేదు, డబ్బూ రాలేదు. పోలీస్‌స్టేషన్‌కు పోదామంటే మనవాళ్లు ఆ గడప తొక్కడానికి ఇప్పటికీ జంకుతారు. ఆ జంకు సంగతి పైన రాశాను. అందుకే పిల్లలతో ఒక గీత గీసి చెబుతుంటాను. కబురు చెప్పేవాడు పరిచయస్తుడు. కబురుకు వెల కట్టేవాడు దళారీ. నీ అర్హత గురించి తెలిసి, నీ పేరు చెప్పేవాడు పరిచయస్తుడు. నీ అర్హత అడగకుండానే పని ఖాయం అనేవాడు దళారీ. ఇంకొకడున్నాడు, మా సీమలో వాడి భయం ఎక్కువ. పని ఇప్పించి, ఆ తర్వాత "నువ్వు నా మనిషివి" అనేవాడు. ఎన్నికలప్పుడు, తగాదాలప్పుడు పిలుస్తాడు. పోకపోతే విశ్వాసం లేదంటాడు. సెటిల్‌మెంట్ మేనేజర్ చొక్కా మార్చుకుని వచ్చినట్టే అది.

మరి ఎవరి మనిషీ కాకుండా నలుగురికి ఎరుక కావడం ఎట్లా? మన తరంలో ఆ పని చేసింది హాస్టళ్లు. దీని గురించి మనవాళ్లు తక్కువ రాశారు. పురుగుల అన్నం, పగిలిన కిటికీలు, రెండు దుప్పట్లకు ముగ్గురు పడుకోవడం, ఇవి రాశారు. అవన్నీ నిజమే. అయితే నేను ప్రొద్దుటూరులో ఉన్న హాస్టల్‌లో ఎరుకల పిల్లలు, సుగాలి పిల్లలు, నల్లమల అంచు నుంచి వచ్చిన ఒకరిద్దరు చెంచు పిల్లలు ఒకే వరండాలో పడుకున్నాం. అప్పటిదాకా ఒక తెగవాడికి ఇంకో తెగవాడు ఎరుక లేదు. ఆ వరండాలో పడుకున్నవాళ్లలో ఈరోజు ఒకడు కానిస్టేబుల్, ఒకడు లైన్‌మన్, ఒకడు బ్యాంకులో గుమస్తా, ఒకడు బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు. ఇద్దరు 2019లో గ్రామ సచివాలయ ఉద్యోగాలు వచ్చినప్పుడు చేరారు. ఆ నోటిఫికేషన్ వచ్చినరోజు లైన్‌మన్ ఫోన్ చేస్తేనే నాకు తెలిసింది. నేను నలుగురు పిల్లలకు చెప్పాను. అరవై మందికి చెప్పి ఉండవచ్చు. నాకు అప్పుడు తోచలేదు. ఆ తప్పు నాదే.

ఆనాటి పిల్లల ఫోన్ నంబర్లు ఎవరి దగ్గరా ఒకచోట లేవు. అందుకే ఆ ఫ్యాక్టరీ పిల్లవాడు వచ్చిపోయిన వారానికి నేను వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. మా మండలంలో, చుట్టుపక్కల మైదుకూరు, దువ్వూరు, చెన్నూరు మండలాల్లో చదువుకుని ఏదో ఒక పనిలో ఉన్న మనవాళ్ల పేరు, పని, ఊరు, నంబరు రాయడం మొదలుపెట్టాను. అడిగితే చాలామంది మొదట అనుమానంగా చూశారు. "మా పేర్లు ఎందుకు రాసుకుంటాండావు సార్?" అని ఒక ముసలాయన సూటిగా అడిగాడు. వాళ్ల నాయన పేరు ఒక రిజిస్టర్‌లో ఉండేదని ఆయనకు గుర్తుంది. ఆయనకు నోటుబుక్కు చేతికిచ్చి, నీ మనవడి పేరు నువ్వే మనవడితో రాయించు, వద్దనుకుంటే కొట్టేయించు అని చెప్పాను. రెండు రోజులకు రాయించి పంపాడు.

ఇప్పుడు కాలేజీలో ఉన్న పిల్లలతో నేను చెప్పేది పెద్ద పెద్ద మాటలేం కాదు. మీ క్లాసులో కులం తెలిస్తే పక్కకు జరిగేవాళ్లు ఉంటారు, వాళ్లను వదిలేయండి. జరగనివాళ్లూ ఉంటారు, వాళ్లతో మాట్లాడండి. లైబ్రరీలో ఉండే ఆయన పేరు తెలుసుకోండి. ల్యాబ్ అటెండర్‌ను పలకరించండి. సెలవుల్లో పని చేసిన చోట, అది మెడికల్ షాపైనా పెట్రోలు బంకైనా, వదిలి వచ్చేటప్పుడు చెప్పి రండి, పండగకు ఒక ఫోన్ చేయండి. ఏదైనా అడిగేటప్పుడు "నాకు ఉద్యోగం ఇప్పించండి సార్" అని అడగొద్దు. అట్లా అడిగితే ఎదుటివాడు తప్పించుకుంటాడు, లేకపోతే మిమ్మల్ని తన మనిషిని చేసుకుంటాడు. "మీరు ఈ పనిలోకి ఎట్లా వచ్చినారు, దీనికి ఏం చదవాల, ఖాళీలుంటే ఎక్కడ తెలుస్తుంది" అని అడగండి. దీనికి జవాబు చెప్పడానికి ఎవరికీ ఖర్చు కాదు. గేటు దగ్గరికి పోయేముందు లోపల పనిచేసే ఒక్కడితోనైనా, వాడు టీ పోసేవాడైనా సరే, మాట్లాడి పోండి. 1961 అప్రెంటిస్ చట్టంలో ఎస్సీ ఎస్టీలకు స్థానాలు కేటాయించాలని ఉంది. ఐటీఐ, డిప్లొమా చేసిన పిల్లలు ఏడాదిపాటు ఫ్యాక్టరీ లోపల ఉండే దారి అది. స్టైపెండు తక్కువే. కానీ ఏడాది అయ్యేసరికి గేటు కాపలాదారుకు మీరే ఎరుక అవుతారు.

టీచర్లకు ఒక మాట. మనం మార్కుల జాబితా రాస్తాం, టీసీ రాస్తాం, పిల్లవాడు బడి దాటిపోతాడు, మన లెక్క ముగిసిందనుకుంటాం. బ్రాహ్మణ, కోమటి, రెడ్డి ఇళ్లల్లో పిల్లవాడి చదువు అయ్యాక మేనమామ చేసే పని ఒకటుంటుంది, ఫలానా వాణ్ని కలువు అని చెప్పడం. మన పిల్లలకు ఆ మేనమామ స్థానంలో ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఒకరు ప్రస్తుతానికి మనమే. నాకు తెలిసిన మనుషులూ తక్కువే. మండల విద్యాశాఖ మీటింగుల్లో నేనూ వెనక వరసలోనే కూర్చునేవాణ్ని, ఈమధ్య ముందుకు జరుగుతున్నాను.

నోటుబుక్కులో ఇప్పటికి ముప్పై ఏడు పేర్లున్నాయి. ముప్పై నాలుగో పేరు రాయచోటి వైపు నుంచి వచ్చి కడపలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్న సుగాలి అమ్మాయిది. మొదట చెప్పిన ఆ పిల్లవాడి నంబరు ఆమెకిచ్చాను. వాళ్ల ల్యాబ్‌లో ఖాళీ లేదంట. ఉన్నచోట ఏ సర్టిఫికెట్ అడుగుతారో, ఇంటర్వ్యూలో ఏం తడుముతారో అరగంట సేపు ఫోన్‌లో చెప్పిందంట. వాడు బుధవారం సాయంత్రం వచ్చి, "సార్, ఆయక్క ఇంకో ఇద్దరి నంబర్లు ఇచ్చింది, నోటుబుక్కులో రాసుకుందురా?" అన్నాడు. పెన్ను వాడికే ఇచ్చాను.